మ్యాగజైన్ జబ్బు అనుకున్నది బ్యారెల్‌లో దొరికింది: ఒక పాత రెమింగ్టన్ మోడల్ 8 కేస్ స్టడీ

పాత సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేలగానే తర్వాతి తూటా తానే ఎక్కే) వేట రైఫిల్ అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలో తరచూ ఒక మాట ఉంటుంది: "చిన్న ఫీడింగ్ సమస్య ఉంది, మ్యాగజైన్ స్ప్రింగు మారిస్తే సరిపోతుంది." ఆ మాట నమ్మి కొన్నవాళ్లు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) మీదే డబ్బు తగలేస్తారు. ఈ కేసులో అమ్మేవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు కనిపించిన లక్షణం నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. మోడల్ 8 పనిచేసే తీరు తెలియకపోతే ఎవరైనా ఆ తప్పే చేస్తారు. మొదటి రోజు మా బెంచి మీద కూడా చూపు అటే పోయింది. మనుషులను, ఊరిని గుర్తుపట్టే వివరాలు ఇందులో లేవు.

నేపథ్యం

రైఫిల్ రెమింగ్టన్ మోడల్ 8, .35 రెమింగ్టన్ క్యాలిబర్ (తూటా రకం, కొలత). జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, పేటెంటు 1900లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఫ్యాక్టరీ నుంచి 1906లో మార్కెట్‌కు వచ్చింది. మోడల్ 8 అనే పేరు 1911లో పెట్టారు. 1936లో దీని స్థానంలోకి మోడల్ 81 వచ్చి 1950 దాకా నడిచింది. మొదట .25, .30, .32, .35 రెమింగ్టన్ అని నాలుగు క్యాలిబర్లలో చేశారు. వీటిలో కొత్త తూటా ఇప్పటికీ కాస్త తేలిగ్గా దొరికేది .35 ఒక్కటే. ఆ తూటాను బతికించింది ఈ రైఫిల్ కన్నా మార్లిన్ 336 లీవర్ రైఫిల్ (చేతి మీటతో తూటా ఎక్కించేది) అనడమే సరైనది. మోడల్ 8 కొనాలనుకునేవాళ్లు క్యాలిబర్ చూశాకే మిగతావి చూడాలి. అందమైన .25 కొని ఇంట్లో తూటా లేకుండా కూర్చోవడం మామూలుగా జరిగే పొరపాటు.

పని తీరు లాంగ్ రీకాయిల్. ఈ కేసంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. బయటికి లావుగా కనిపించే గొట్టం బ్యారెల్ కాదు, జాకెట్. అసలు బ్యారెల్ దాని లోపల జారుతుంది, చుట్టూ స్ప్రింగు ఉంటుంది. పేల్చినప్పుడు బోల్టు (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే ముక్క), బ్యారెల్ ఒకదానికొకటి తాళం పడి ఉండగానే రెండూ కలిసి పూర్తిగా వెనక్కి వస్తాయి. అక్కడ బోల్టును ఒక కొక్కెం పట్టి ఆపుతుంది. స్ప్రింగు బ్యారెల్‌ను ఒక్కదాన్నే ముందుకు తోస్తుంది, ఖాళీ తొడుగు బయటపడుతుంది. బ్యారెల్ పూర్తిగా తన స్థానానికి చేరాక, అప్పుడు మాత్రమే కొక్కెం బోల్టును వదులుతుంది. బోల్టు ముందుకు వస్తూ కొత్త తూటాను ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గూటిలోకి) తోస్తుంది. మ్యాగజైన్ ఊడి రాదు, అయిదు తూటాలు పైనుంచే నింపాలి. చివరి తూటా అయిపోయాక బోల్టు వెనకే నిలుస్తుంది.

అమ్మేవాళ్లు చనిపోయిన వేటగాడి వారసులు. అడిగిన ధర 850 డాలర్లు. కొనాలనుకున్నది అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగు ఇంజనీరు, జింకల సీజన్ కోసం. ఇక్కడ తుపాకీ కన్నా ముందు చట్టం చూడాలి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. మినహాయింపులు కొన్నే, వాటిలో మనవాళ్లకు పనికొచ్చేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. డీలర్ దగ్గర ఫారం 4473 (తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ పత్రం) నింపేటప్పుడు దాన్ని చూపాలి. చాలామంది పట్టించుకోని విషయం, ఆ మినహాయింపు కొన్న రోజుతో అయిపోదు. లైసెన్సు గడువు తీరి, రెన్యూ చేయకుండా తుపాకీ ఇంట్లో ఉంటే, ఉండటమే నేరమవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. ఈ రైఫిల్ 50 ఏళ్లు దాటినది కాబట్టి క్యూరియో (సేకరణకు పనికొచ్చే పాత తుపాకుల) వర్గంలోకి వస్తుంది కానీ ఫెడరల్ చట్టం దృష్టిలో యాంటిక్ కాదు, యాంటిక్ గీత 1898 దగ్గర ఉంది. అంటే కలెక్టర్ లైసెన్సు లేని కొనుగోలుదారుకు రాష్ట్రాలు దాటే అమ్మకం లైసెన్సున్న డీలర్ ద్వారానే జరగాలి.

వేట నియమాలు కూడా ముందే చూడాలి. పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదు. ఒహాయోలో రైఫిల్‌తో జింకను వేటాడాలంటే నిటారు గోడల (తొడుగు పైన సన్నబడని) తూటా కావాలి, .35 రెమింగ్టన్‌కు మెడ ఉంది. ఈ కేసులోని రాష్ట్రంలో రెండు అడ్డంకులూ లేవు.

వచ్చిన సమస్య

ఫిర్యాదు రెండు ముక్కల్లో వచ్చింది. ఒకటి, మ్యాగజైన్‌లో తూటాలు ఉండగానే బోల్టు వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతోంది, ఖాళీ అయినట్టు. రెండు, భుజానికి దెబ్బ బాగా తగులుతోంది. మొదటిదానికి మ్యాగజైన్ స్ప్రింగు బలహీనపడిందనీ, ఫాలోవర్ (తూటాలను కింద నుంచి పైకి తోసే పలక) తప్పుగా పైకి లేచి బోల్టును ఆపుతోందనీ అమ్మేవాళ్ల వివరణ. రెండోదానికి "పాత తుపాకులు అంతే" అన్నారు. ఈ రెండు లక్షణాలకూ సంబంధం ఉండొచ్చని ఎవరూ అనుకోలేదు.

పరీక్షకు అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు: రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి రాని మార్పు ఏదీ చేయకూడదు. షరతు న్యాయమైనదే. ఇంకా అమ్ముడుపోని సొత్తు మీద ఆకురాయి పెట్టే హక్కు ఎవరికీ లేదు. తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ గీత లోపలే జరిగింది.

మొదటి పరిశీలన

మ్యాగజైన్ ఊడదు కాబట్టి "మ్యాగజైన్ తీసేశాను, ఖాళీ" అనే ధైర్యం ఈ తుపాకీలో లేదు. బోల్టు వెనక్కి లాగి, దాని పిడిని చేత్తో గట్టిగా పట్టుకునే ఛాంబర్‌నూ, మ్యాగజైన్‌నూ టార్చి వేసి చూడాలి. పిడి వదిలేసి వేలు పెడితే వేలు నలుగుతుంది.

పైకి కనిపించినవి: బ్లూయింగ్ (ఉక్కు మీది నల్ల నీలం పూత) అరిగింది కానీ అసలుది. అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, అంటే పాలిష్ పెట్టి మళ్లీ రంగు వేయలేదు. రిసీవర్ (బోల్టు, మ్యాగజైన్ ఉండే మధ్య భాగం) ఎడమ పక్క స్కోప్ మౌంటు కోసం ఎప్పుడో వేసిన రెండు రంధ్రాలు. సేకరించేవాళ్ల దగ్గర ధర పడిపోయేది వీటి వల్లే, వేటకు ఇబ్బంది లేదు. స్టాక్‌లో (భుజానికి ఆనే చెక్కలో), రిసీవర్ వెనక తోక లోహం చెక్కలో కూర్చునే చోట, రెండు అంగుళాల పగులు. కుడి పక్క పెద్ద సేఫ్టీ మీట గట్టిగానే ఆగుతోంది. తర్వాతి కాలపు కలష్నికోవ్ రైఫిళ్ల మీద కనిపించే మీటకు ఇది ముందుతరం పోలిక.

ఫోరెండ్ (బ్యారెల్ కింద చెయ్యి పట్టే చెక్క) విప్పితే టేక్‌డౌన్ మీట (బ్యారెల్ భాగాన్ని రిసీవర్ నుంచి విడదీసేది) కనిపిస్తుంది. అది పావు చుట్టు వదులుగా ఉంది. జాకెట్‌ను పట్టుకుని ఊపితే రిసీవర్ దగ్గర సన్నటి కదలిక. మీట బిగిస్తే కదలిక పోయింది. గురి కుదరడం లేదని పాత మోడల్ 8లను అమ్మేసేవాళ్లు ఒకసారి ఈ మీట చూసి ఉంటే కొన్ని అమ్మకాలు జరిగేవే కావు.

టేక్‌డౌన్ తుపాకీ అంటే మరో అనుమానం కూడా. బ్యారెల్ భాగం మొత్తం వేరే రైఫిల్ నుంచి వచ్చి ఉండవచ్చు. జాకెట్ మీద .35 అని ఉంది, కానీ పేలేది లోపలి బ్యారెల్‌లో. అందుకే ఛాంబర్‌కు సెరోసేఫ్‌తో అచ్చు తీశాం. అది 70–88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే లోహం. పోసిన తర్వాత ముందు ముడుచుకుని, మళ్లీ వ్యాకోచించి, గంటకు ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది. కాబట్టి కొలిచేది గంట తర్వాతే, తొందరపడితే కొలత తప్పుతుంది. అచ్చు .35 రెమింగ్టనే. బ్యారెల్ లోపలికి మెత్తటి సీసం ముక్కను తోసి కొలిస్తే గాడుల దగ్గర .358 అంగుళం వచ్చింది. హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకూ ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరం) గేజులలో 'గో' మీద బోల్టు మూసుకుంది, 'నో-గో' మీద మూసుకోలేదు. బోల్టు తాళం పడేది నేరుగా బ్యారెల్‌కు వెనక ఉన్న ఎక్స్‌టెన్షన్‌లో కాబట్టి, బోల్టు, బ్యారెల్ జతగా ఉన్నంతవరకు ఈ కొలత నిలుస్తుంది. ఇదంతా సరిగా లేకపోతే కేసు ఇక్కడే ముగిసేది, "కొనొద్దు" అని ఒక్క మాటతో.

ఏం ప్రయత్నించాం, ఏది పని చేయలేదు

మొదటి అనుమానం తూటాల మీద. రైఫిల్‌తో పాటు ఒక డబ్బా ఇంట్లో నింపిన తూటాలు వచ్చాయి, లోపల పేలుడు మందు ఎంత వేశారో రాసి లేదు. అవి పేల్చలేదు, పేల్చకూడదు కూడా. కొలిస్తే కొన్నింటి భుజం (తొడుగు మెడ దగ్గర సన్నబడే వాలు) ఉండాల్సిన దానికన్నా వెనక్కి నొక్కుకుపోయి ఉంది. .35 రెమింగ్టన్ భుజం అసలే చిన్నది, తూటా ఛాంబర్‌లో ఆగేది దాని మీదే. ఆ డబ్బాను పక్కన పెట్టి 200 గ్రెయిన్ల బరువు గుండు ఉన్న కొత్త ఫ్యాక్టరీ తూటాలు తెచ్చాం. లాంగ్ రీకాయిల్‌కు బ్యారెల్ పూర్తిగా వెనక్కి రావడానికి తగినంత తోపు కావాలి, బలహీనమైన తూటాతో దారిలోనే ఆగుతుంది. ఆ తర్కం ప్రకారం ఇది అర్థవంతమైన మొదటి అడుగే.

రేంజిలో ఒక్కో తూటా చొప్పున అయిదు పేల్చాం. ప్రతిసారీ తొడుగు బయటపడింది, బోల్టు వెనక నిలిచింది. బాగానే ఉన్నట్టు కనిపించింది. కానీ ఈ పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది: మ్యాగజైన్ ఖాళీ అయితే బోల్టు ఎలాగూ వెనకే నిలవాలి. మనం వెతుకుతున్న జబ్బు, ఆరోగ్యం రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండేసి తూటాలతో మొదలుపెట్టగానే నాలుగు ప్రయత్నాల్లో మూడుసార్లు రెండో తూటా పైన ఉండగానే బోల్టు ఆగిపోయింది. తూటాలది తప్పు కాదు.

రెండో అనుమానం మ్యాగజైన్. ఫాలోవర్ పెదవి మీద పట్టకారు గాట్లు కనిపించాయి, ఎవరో ఇంతకు ముందే వంచారు. కాబట్టి అక్కడ తప్పు ఉందని నమ్మడం తేలికైంది. ఆ నమ్మకమే సగం రోజు తినేసింది. వంచినదాన్ని మళ్లీ వంచలేదు, లోహం అలిసిపోతుంది. సరైన పాత ఫాలోవర్, కొత్త స్ప్రింగు దొరికించి అమర్చాం. చేత్తో బోల్టు లాగి వదిలితే డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటాలు అయిదూ చక్కగా ఎక్కాయి. పేల్చితే మళ్లీ అదే ఆగడం.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. చేత్తో పనిచేసేది పేల్చినప్పుడు ఎందుకు పనిచేయదు? తేడా ఒక్కటే. చేత్తో లాగినప్పుడు బోల్టు మాత్రమే కదులుతుంది, బ్యారెల్ కదలదు. పేల్చినప్పుడు బ్యారెల్ వెళ్లి తిరిగి రావాలి. అది పూర్తిగా చేరకపోతే కొక్కెం బోల్టును వదలదు. మ్యాగజైన్ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా, చూసేవాడికి కనిపించేది ఒకటే దృశ్యం.

దీన్ని తూటా లేకుండా నిరూపించవచ్చు. ముందు, బోల్టు మూసి, తుపాకీ విశ్రాంతిగా ఉన్నప్పుడు జాకెట్ అంచుకూ బ్యారెల్ కొనకూ మధ్య ఉన్న దూరాన్ని కాలిపర్ లోతు కడ్డీతో కొలిచి రాసుకోవాలి. తర్వాత మ్యాగజైన్‌లో డమ్మీలు వేసి, జాకెట్ రంధ్రంలో పట్టేంత సన్నగా, బోరులోకి దూరనంత లావుగా ఉన్న గట్టి చెక్క కడ్డీని బ్యారెల్ కొనకు ఆనించి, కొన చుట్టూ తోలు ముక్క పెట్టి, శరీర బరువుతో బ్యారెల్‌ను చివరిదాకా నొక్కాలి. తర్వాత నెమ్మదిగా వదలాలి. పొరపాటున కూడా అసలు తూటాతో ఈ పరీక్ష చేయకూడదు. ఈ రైఫిల్‌లో బ్యారెల్ ముందుకు వచ్చి, చివర బద్ధకించి ఆగింది. మళ్లీ కొలిస్తే విశ్రాంతి స్థానానికి దాదాపు 3 మిల్లీమీటర్లు తక్కువ. వేలితో కొనను ముందుకు లాగగానే టక్కుమని బోల్టు వచ్చి డమ్మీని ఛాంబర్‌లోకి ఎక్కించింది. జబ్బు అక్కడుంది.

మూడో ప్రయత్నం, విప్పకుండా శుభ్రం చేయడం. జాకెట్ విప్పడానికి అనుమతి ఇంకా రాలేదు, అందుకని బ్యారెల్ భాగాన్ని రిసీవర్ నుంచి వేరు చేసి, నిలబెట్టి, కొన దగ్గర నుంచి పలచటి నూనె పోసి నానబెట్టాం. మొదట బాగుపడినట్టే అనిపించింది, నొక్కుడు పరీక్షలో ఆరుసార్లు వరసగా పాసైంది. రేంజిలో పది తూటాల తర్వాత మళ్లీ అంటుకుంది, ఈసారి మునుపటి కన్నా గట్టిగా. లోపల గడ్డకట్టిన గ్రీజును కొత్త నూనె కరిగించి, బయటికి కడగకుండా ముందు బుషింగ్ (బ్యారెల్ ఆని జారే ఉంగరం) దగ్గరికి ఈడ్చుకొచ్చి పేర్చింది. పాత తుపాకీకి "కొంచెం నూనె వేసి చూద్దాం" అనేది ఎప్పుడూ నిరపాయకరం కాదని ఇక్కడ తేలింది.

పని చేసింది

అనుమతి రాతలో వచ్చాక జాకెట్ విప్పాం. లోపలి స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని అదుపులో పట్టి నెమ్మదిగా వదిలే ఫిక్స్చర్, జాకెట్ ముందు భాగానికి సరిపోయే రెంచి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. పైపు రెంచి పళ్ల గాట్లతో మా దగ్గరికి వచ్చే జాకెట్లన్నీ ఈ తొందర ఫలితాలే.

లోపల మూడు కనిపించాయి. గోధుమ రంగు లక్కలా గట్టిపడిన గ్రీజు, స్ప్రింగు చుట్ల మధ్య నిండా. బ్యారెల్ బయటి ఒంటి మీద, ముందు బుషింగ్‌లో ఆనే చోట, ఉంగరంలా ఒక తుప్పు పట్టీ. కొన కిందికి పెట్టి తడి తువాలు మీదో, తేమ మూలలోనో ఏళ్ల తరబడి నిలబెడితే అలాంటి పట్టీ వస్తుంది. మూడోది, స్ప్రింగు కుంగిపోయింది. కొత్తదాని పక్కన పెడితే పొట్టితనం కంటికే తెలిసింది.

ఈ మూడు కలిస్తే రెండు ఫిర్యాదులూ ఒకే కథ అవుతాయి. కుంగిన స్ప్రింగు వెనక్కి వచ్చే బ్యారెల్‌ను సరిగా ఆపలేదు, కాబట్టి వెనక దెబ్బ గట్టిగా పడింది. ఆ దెబ్బే రోజూ స్టాక్‌ను చీల్చింది. అదే స్ప్రింగుకు, తిరుగు ప్రయాణం చివర తుప్పు పట్టీ రాపిడిని దాటి బ్యారెల్‌ను ఇంటికి చేర్చే బలం లేదు. కాబట్టి బోల్టు విడుదల కాలేదు.

స్ప్రింగు ఒక్కటే మార్చి ఊరుకుందామా అన్న ప్రశ్న వచ్చింది. వద్దనుకున్నాం. రాపిడిని స్ప్రింగు బలంతో కప్పిపెడితే చలి రోజున గ్రీజు మళ్లీ గెలుస్తుంది. తుప్పును 0000 నంబరు ఉక్కు పీచుతో, నూనె తడితో మాత్రమే తీశాం. ఎమరీ కాగితం వాడలేదు. ఎమరీ తుప్పుతో పాటు బ్యారెల్ వ్యాసాన్నీ తింటుంది, ఆ తర్వాత బుషింగ్‌లో వదులు వస్తుంది, దాన్ని తిరిగి తేలేం. పీచు తర్వాత చిన్న గుంటలు మిగిలాయి, అవి జారుడుకు అడ్డం కాదు కాబట్టి వదిలేశాం. జాకెట్ లోపలను మినరల్ స్పిరిట్‌తో, షాట్‌గన్‌కు వాడే పెద్ద బ్రష్‌తో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగాం. తిరిగి బిగించేటప్పుడు గ్రీజు వేయలేదు. పలచటి నూనెను గుడ్డకు అద్ది తుడిచిన పొర చాలు.

స్టాక్ పగులును అసిటోన్‌తో కడిగి, తడారాక పలచటి ఎపాక్సీని వేడి గాలితో లోపలికి పీల్చేట్టు చేసి, రబ్బరు ట్యూబుతో చుట్టి 24 గంటలు ఉంచాం. తర్వాత తోక లోహానికి వెనక చెక్కలో అర మిల్లీమీటరుకు కాస్త పైన ఖాళీ తీశాం. లోహం నేరుగా చెక్కలోకి గూటంలా దిగితే అతికిన చోటే మళ్లీ చీలుతుంది.

చివరి పరీక్ష: నొక్కుడు పరీక్ష 20 సార్లు, కొలత ప్రతిసారీ మొదటి సంఖ్యకే వచ్చింది. తర్వాత ఒకటి, రెండు, అయిదు తూటాల చొప్పున మొత్తం 40. ఆగడం లేదు. టేక్‌డౌన్ మీటను ప్రతి పది తూటాలకు ఒకసారి చూశాం, వదులు కాలేదు.

ధర, తర్వాత

బేరంలో ఒక వాదన తరచూ వస్తుంది: 1934లో బోనీ, క్లైడ్‌ల మీద కాల్పులు జరిపిన బృందంలో ఈ మోడల్ రైఫిల్ ఉంది కాబట్టి దీనికీ ఆ విలువ ఉండాలని. ఆ విలువ ఆ చేతుల్లోని తుపాకీకే గానీ ఈ రెండు రంధ్రాల రైఫిల్‌కు రాదు. అసలు బ్లూయింగ్ కలిసొచ్చింది, రంధ్రాలు, అతికిన స్టాక్ తగ్గించాయి. మరమ్మతు ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకుని 620 డాలర్లకు ఒప్పుకున్నారు. కుంగిన స్ప్రింగు ఖరీదు చిన్నదే, కానీ దాన్ని కనుక్కోవడానికి పట్టిన పని గంటలు చిన్నవి కావు. మోడల్ 8 చూడటానికి వెళ్లేవాళ్లు కాలిపర్, చెక్క కడ్డీ, రెండు డమ్మీలు జేబులో పెట్టుకుని, అమ్మేవాళ్ల అనుమతితో ఈ నొక్కుడు పరీక్ష చేస్తే పదే నిమిషాల్లో బేరం ఏ వైపో తెలుస్తుంది. అమ్మేవాళ్లు వద్దంటే, ధరలో జాకెట్ విప్పే ఖర్చును ముందే తీసేయాలి.

ఇంటి తూటాల డబ్బాను అమ్మేవాళ్ల రాతపూర్వక అనుమతితో విడదీసి పారేశాం. వంచిన ఫాలోవర్, కుంగిన స్ప్రింగు రెండింటినీ ఒక సంచిలో వేసి, ఏది ఎందుకు మార్చామో, విశ్రాంతి స్థానం కొలత ఎంతో కార్డు మీద రాసి రైఫిల్‌తో పాటే కొత్త యజమానికి ఇచ్చాం. కార్డు వెనక వేట లైసెన్సు గడువు తేదీ కూడా ఆయన చేతే రాయించాం.